గజ ఈతగాడు మునిగిన బావి

“సముద్రాన్ని ఈదినోడు బావిలో మునిగి చచ్చాడంటే నేను నమ్మనమ్మా. నువ్వూ నమ్మమాకు.”

హన్నమ్మ ఈ మాట నిన్న బెజవాడలో ప్రమీలారాణి ఆఫీసు మెట్ల మీద కూర్చుని అంది. ఇవాళ శనివారం పొద్దున పదింటికి, తిరువూరులో చంద్రశేఖరం పత్తి జిన్నింగు మిల్లు వెనకున్న దిగుడు బావి గట్టు మీద నిలబడి మళ్లీ అంది. నిన్న ఏడుస్తూ అంది. ఇవాళ ఏడవలేదు.

ప్రమీలారాణి అప్పటికే బావి వైపు నడిచింది. చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మెట్లు దిగుతోంది. ఆమెకు ముప్ఫై ఆరేళ్లు. ఒకప్పుడు సర్కారు ప్రయోగశాలలో రక్తపు మరకలు, నూలు పోగులు పరీక్షించే ఉద్యోగం చేసింది. ఒక రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం మార్చమని పై అధికారి అడిగితే, వాక్యం మార్చకుండా ఉద్యోగమే మార్చుకుంది. ఆడమనిషి డిటెక్టివ్ ఏమిటని బోర్డు చూసి నవ్వినవాళ్లలో కొందరు ఇప్పుడు జైల్లో ఉన్నారు.

చచ్చిపోయినవాడి పేరు కాలిన్. ఇరవై ఆరేళ్లవాడు, ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. పొడుగాటి పలక మీద నిలబడి అలల మీద జారే ఆట ఒకటుంది వాళ్ల దేశంలో. ఆ ఆట ఆడే కుర్రాళ్లంతా కలిసి, సముద్రం తమకు ఆనందమిచ్చింది కాబట్టి సముద్రం దెబ్బ కొట్టినవాళ్లకు అండగా నిలబడాలని ‘అలల నేస్తాలు’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. మొన్న నవంబరులో ఉప్పెన దివిసీమను ఊడ్చేశాక పలకలు నెత్తిన పెట్టుకుని కొత్తమొగ అనే పల్లెకు వచ్చి దిగారు. తెప్పలు పోగొట్టుకున్న జాలర్లకు తెప్పలిచ్చారు. నీళ్లంటే జడుసుకుంటున్న పిల్లలకు ఈత నేర్పుతామన్నారు. అందుకని మూడు వందల తేలే చొక్కాలు తయారు చేయించే పని పెట్టారు. లోపల దూది కూరిన దళసరి ఖాకీ చొక్కా అది. తొడుక్కుంటే మనిషి మునగడు. దూది సంగతులు తెలిసిన ఊరని తిరువూరిలో ఆ పని మొదలెట్టి, మొగుళ్లను పోగొట్టుకున్న పన్నెండు మంది ఆడవాళ్లను కుట్టుపనికి తీసుకొచ్చాడు కాలిన్. వాళ్లకు పెద్దది హన్నమ్మ.

ఆ చొక్కాలు చూసి పోదామని మంగళవారం వచ్చిన కాలిన్, బుధవారం ఈ బావిలో శవమై తేలాడు.

“హనుమయ్యా, ఇటు రా,” మెట్ల మీంచే పిలిచింది ప్రమీలారాణి.

మిల్లు వాచ్‌మన్ హనుమయ్య తలగుడ్డ చేత్తో పట్టుకుని నాలుగు మెట్లు దిగి ఆగాడు.

“మంగళవారం నువ్వు ఆయన్ని ఆఖరున చూసిందెప్పుడు?”

“సైరను కొట్టాక అండి. ఐదున్నరకి కూలీలంతా పోయారు. ఇంకో పది నిమిషాలకి దొర ఇటేపు వచ్చాడు. మెడలో తుండు, చంకలో ఏదో మూట. నన్ను చూసి నవ్వాడండి. ఆరింటికి నేను గేటు తాళమేసి పోయాను. దొర వెనక సందులోంచి పోయుంటాడులే అనుకున్నా.”

“మూట ఏ రంగు?”

“ఖాకీ రంగండి. ఆడాళ్లు కుడతారే, ఆ చొక్కాల రంగు.”

“శవాన్ని చూసింది?”

“బుధవారం తొమ్మిదీ పదికి. రోజూ ఏడింటికే నీళ్లకొస్తానండి. ఊళ్లో అందరికీ తెలుసు. ఆ రోజు నెమలి ఊరి గుళ్లో మొక్కుంటే పోయి, బస్సు దొరక్క ఆలస్యమైంది. బిందె ముంచబోతే…”

“బావి దగ్గర ఏమున్నాయి?”

“గట్టు మీద చొక్కా, ప్యాంటు మడత పెట్టి ఉన్నాయి. వాచీ జోడులో పెట్టి ఉంది. తుండు పక్కన పడుంది.”

“ఖాకీ మూట?”

హనుమయ్య తల అడ్డంగా ఊపాడు. “లేదండి. ఇప్పుడు మీరంటేనే గుర్తొస్తోంది.”

ప్రమీలారాణి ఏడో మెట్టు మీద కూర్చుంది. రెండు రాళ్ల సందులో బొటనవేలంత దూది ఉండ ఇరుక్కుని ఉంది. తలపిన్నుతో దాన్ని బయటికి లాగింది. తడిసి ఆరి గట్టిపడిన దూది. వేళ్లతో నలిపితే నల్లటి గింజ నలకలు చేతికంటాయి. వాసన చూసి, కాగితంలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుంది.

“హన్నమ్మా, చొక్కాల్లో కూరే దూది మీరే కూరతారా?”

“లేదమ్మా. మేం సంచులు కుట్టి ఇచ్చేదాకే. దూది కూరేది లోపల గదిలో మగాళ్లు. మమ్మల్ని రానివ్వరు. బూరుగు దూది ముక్కులోకి పోతే దగ్గొస్తది, మీరు రావద్దు అంటారు మేష్టారు.”

“ఏ మేష్టారు?”

“సీతారామారావు మేష్టారు. ఈ ఊళ్లో సంఘానికి ఆయనే పెద్ద. దొరలు అన్నీ ఆయన చేతికే ఇచ్చారు.”

గట్టు మీద బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ మధుసూదనరావు. రెండేళ్ల కిందట బెజవాడలో ఒక విషప్రయోగం కేసులో ఆయన పట్టుకున్నవాడు నిర్దోషి అని ప్రమీలారాణి కోర్టులో రుజువు చేసింది. అప్పట్నుంచీ ఆమె కనపడితే ఆయన వేపాకు నమిలినట్టు ముఖం పెడతాడు.

“ఏం మేడమ్, హంతకుడు బావిలో దొరికాడా? తాడు వేయించమంటారా?”

“హంతకుడు బావిలో ఎందుకుంటాడండీ? మీరు వెతకని చోట ఉంటాడు.”

“ఇక్కడ హంతకుడూ లేడు, హత్యా లేదు. పల్టీ కొట్టి బావిలో దూకాడు. మెట్టు తలకు తగిలింది. స్పృహ తప్పి మునిగాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్లే. ఇవాళ పన్నెండింటికి కేసు మూసేస్తున్నా. సామాన్లు సంఘం వాళ్లకి అప్పజెప్పడానికే వచ్చాను.”

“గాయం తల వెనక ఉంది కదా. భుజాల మీద రెండు ఎర్రటి చారలు కూడా ఉన్నాయి. అవేమిటి?”

“మీకెవరు చెప్పారు?”

“శవానికి స్నానం చేయించింది హన్నమ్మ. ఆమె కళ్లకు మీ ఫైలు అక్కర్లేదు.”

హన్నమ్మ తల దించుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“చారలకీ చావుకీ సంబంధం లేదు.”

“అయితే ఒక్కటి చూపించండి. ఆయన తుండు.”

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా కానిస్టేబుల్ వైపు సైగ చేశాడు. కానిస్టేబుల్ గోనెసంచి విప్పాడు. కాలిన్ చొక్కా, ప్యాంటు ఇస్త్రీ మడత చెడకుండా ఉన్నాయి. తుండు విప్పేసరికి గుప్పున ముక్కిపోయిన వాసన కొట్టింది. మీద నల్లటి బూజు చుక్కలు, అక్కడక్కడా దూది నలకలు.

“మూడు రోజులుగా ఇవన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. చొక్కాకి లేని బూజు తుండుకెందుకు పట్టింది?” అంది ప్రమీలారాణి. “తడి తుండు కాబట్టి. దూకినవాడు దూకినట్టే చచ్చిపోతే తుండు ఎవరు తడిపారు? ఆయన నీళ్లలో దిగాడు, క్షేమంగా పైకొచ్చాడు, ఒళ్లు తుడుచుకున్నాడు, మెట్టు మీద కూర్చుని ఏదో విప్పి చూశాడు. ఆ తరవాత చచ్చిపోయాడు. మధ్యలో ఎవరో వచ్చారు.”

ఇన్‌స్పెక్టర్ తుండు వైపు చూశాడు. జవాబు దొరకనప్పుడు మగవాళ్లు గొంతు పెంచుతారని ప్రమీలారాణికి అనుభవమే.

“మీరు ఉద్యోగం ఊడగొట్టుకున్న మనిషి. నాకు పాఠాలు చెప్పొద్దు. పన్నెండింటికి ఈ ఫైలు మూసేస్తాను, అంతే!”

“ఇంకా గంటన్నర ఉంది. నాకు చాలు,” అని ఆమె చెప్పులు తొడుక్కుంది.

మిల్లు ఆఫీసు గదిలో అప్పటికే ఇద్దరున్నారు. మిల్లు యజమాని చంద్రశేఖరం బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి, మాట పెళుసు. ఆయన ఎదురుగా కుర్చీ అంచు మీద కూర్చున్నది సీతారామారావు. తెల్లటి ఖద్దరు, నెరిసిన జుట్టు, చేతిలో మడిచిన గొడుగు. నలభై ఏళ్లు బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పి దిగిపోయిన మనిషి. ఊళ్లో ఆయన ఎదురొస్తే సైకిలు దిగనివాడు లేడు.

ప్రమీలారాణి వెంట హన్నమ్మ లోపలికి రాబోతే చంద్రశేఖరం చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈవిడెందుకిక్కడ?”

“నా కక్షిదారు. నన్ను ఈ పనికి పెట్టింది ఆమే,” అంది ప్రమీలారాణి. హన్నమ్మ లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర చేతులు కట్టుకున్నాడు. హనుమయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

“మంగళవారం సాయంత్రం ఐదున్నర నుంచి ఏడింటిదాకా మీరెక్కడున్నారు చంద్రశేఖరం గారూ?”

“నన్నడుగుతావేంటమ్మా? గంపలగూడెంలో ఉన్నా. పత్తి కొంటున్నా. రాత్రి ఎనిమిదిన్నర దాకా అక్కడే. వంద మంది రైతులు చూశారు. కావాలంటే పోయి ఒక్కొక్కళ్లనీ అడుగు.”

“చొక్కాల్లో కూరే దూది ఎక్కడిది?”

“నాకేం తెలుసు? నేను గది ఇచ్చాను, కరెంటు ఇచ్చాను. పుణ్యం వస్తుందని. దూది బస్తాలు మేష్టారు తెప్పించారు, కూలీలను మేష్టారు పెట్టారు. నా మిల్లులో చచ్చాడని ఊరంతా నన్నే చూస్తున్నారు. నేనేం పాపం చేశాను?”

ప్రమీలారాణి సీతారామారావు వైపు తిరిగింది. ఆయన చిన్నగా నవ్వాడు.

“అడుగమ్మా. నాకు కొడుకులాంటివాడు. వాడి ఆత్మకు శాంతి కలిగితే చాలు.”

“మంగళవారం సాయంత్రం?”

“ఐదుంపావు బస్సుకి విస్సన్నపేట పోయాను. పాత శిష్యుడొకడు పిలిచాడు. రాత్రికి తిరిగొచ్చాను.”

“కాలిన్ చనిపోయిన సంగతి మీకెప్పుడు తెలిసింది మేష్టారూ?”

“అందరితో పాటే. బుధవారం తొమ్మిదింపావుకి. ఇంట్లో కాఫీ తాగుతుంటే హనుమయ్య కేకలు వినపడ్డాయి. మా ఇల్లు వెనక సందులోనే కదా. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాను. అంతకుముందు నాకేం తెలియదు తల్లీ.”

“తొమ్మిదింపావుకి.”

“అవును. గోడ గడియారం చూశాను కూడా.”

“చొక్కాల్లో కూరింది బూరుగు దూదేనా?”

“అక్షరాలా. ఆస్ట్రేలియా వాళ్లు రాసిన లెక్క ప్రకారం.”

ప్రమీలారాణి లేచి గుమ్మం దాకా వెళ్లింది. “హనుమయ్యా, ఒక బాల్చీ నిండా నీళ్లు పట్రా. కొత్తమొగకి పంపడానికి బయట లారీలోకి ఎక్కిస్తున్న చొక్కాల్లోంచి నీకు చేతికందింది ఒకటి పట్రా.”

“అవి సీలు వేసిన సరుకు!” సీతారామారావు కుర్చీలోంచి సగం లేచాడు.

“సీలు నేను విప్పుతాను. పాపం నాకే,” అందామె.

హనుమయ్య బాల్చీ తెచ్చి గది మధ్యలో పెట్టాడు. ప్రమీలారాణి ఖాకీ చొక్కా కుట్టు ఒకటి బ్లేడుతో కోసింది. రెండు పిడికిళ్ల దూది తీసి బల్ల మీద పెట్టింది. తరవాత తన చేతిసంచిలోంచి చిన్న దిండు తీసింది. అది పొద్దున అద్దెకు దిగిన హోటలు గదిలోది; బావి దగ్గర్నుంచి నేరుగా అక్కడికి పోయి తెచ్చింది. దాన్నీ కోసింది. హోటలువాడికి కొత్త దిండు కొనిస్తానని చెప్పే తెచ్చింది.

“ఇది బూరుగు దూది,” అని దిండులోంచి పిడికెడు తీసి నీళ్లలో వేసింది. అది బాతుపిల్లలా పైనే తేలింది. వేలితో ముంచితే మళ్లీ పైకి తన్నుకొచ్చింది.

“ఇది మీ తేలే చొక్కాలోది.”

చొక్కాలోంచి తీసిన దూదిని వేసింది. గదిలో అందరూ బాల్చీ వైపు వంగారు. దూది క్షణం సేపు పైనే ఆగింది. అంచులు నల్లబడ్డాయి. బుడగలు వచ్చాయి. తడి పైకి పాకి పాకి, ఇటుకముక్క జారినట్టు అడుక్కి జారిపోయింది.

బాల్చీ అడుగున నల్లటి గింజ నలకలు కనపడుతున్నాయి.

“జిన్నింగు తుక్కు,” అన్నాడు చంద్రశేఖరం మెల్లిగా. “ఇది నా మిల్లు తుక్కే. ఊడ్చి పారేసేది.” ఆయన ముఖం కందగడ్డయింది. “మేష్టారూ! గేదెల కొట్టంలో పరవడానికని తీసుకెళ్లారే బస్తాలకు బస్తాలు!”

“కాలిన్ చేసిందీ ఇదే,” అంది ప్రమీలారాణి. “లారీకి ఎత్తే ముందు ఒకటి తొడుక్కుని బావిలో దిగాడు. భుజాల మీద ఎర్రచారలు దాని తాళ్లు ఒరుసుకున్నవే. కాసేపటికి చొక్కా బరువెక్కింది. ఆయన గజ ఈతగాడు కాబట్టి పైకొచ్చాడు. మెట్టు మీద కూర్చుని కోసి చూశాడు. చూస్తుండగా వెనక నుంచి దెబ్బ పడింది. ఒంట్లో ఊపిరి ఉండగానే నీళ్లలోకి తోశారు. చొక్కా మాయమైంది. పల్టీ కొట్టాడట, పల్టీ!”

చివరి మాట ఇన్‌స్పెక్టర్‌కి సూటిగా తగిలింది. ఆయన రెండంగల్లో బల్ల దగ్గరికొచ్చాడు.

“దూది కల్తీ వేరు, హత్య వేరు! కల్తీ చేసినవాడిని ఇప్పుడే బొక్కలో వేస్తాను. హత్యకి ఆధారమేది? తుండా? దిండా? వాళ్ల సంఘమే ఇది ప్రమాదమని రాసిచ్చింది. చదువుకోండి!” ఫైలు తీసి బల్ల మీదికి విసిరాడు.

మద్రాసులో ఉండే సంఘం ప్రతినిధి రాసిన ఉత్తరం అది. తమకు బుధవారం పొద్దున తిరువూరు నుంచి తంతి అందిందనీ, అందులో ప్రమాదమని ఉందనీ, పోలీసులకు సహకరిస్తామనీ రాశాడు. ఉత్తరానికి ఆ తంతి కాగితం గుచ్చి ఉంది. ప్రమీలారాణి ఉత్తరం ఒకసారి చదివింది. తంతి కాగితం రెండుసార్లు చదివింది. ‘కాలిన్ బావిలో ప్రమాదవశాత్తు మునిగి మృతి. సీతారామారావు.’ అంతే ఉంది. కానీ ఆమె వేలు ఆగింది ఆ మాటల మీద కాదు. పై వరసలో, తంతి ఇచ్చిన ఊరి పేరు పక్కనున్న అంకెల మీద.

“ఇన్‌స్పెక్టర్ గారూ, హనుమయ్య శవాన్ని చూసిన టైము మీ ఫైల్లో ఎంత ఉంది?”

“తొమ్మిదీ పది. అయితే?”

“మేష్టారికి తెలిసింది తొమ్మిదింపావుకి. మీ ముందే చెప్పారు, గోడ గడియారం చూశానని కూడా చెప్పారు. ఈ తంతి పోస్టాఫీసులో ఇచ్చింది ఎనిమిదీ ఇరవైకి.”

ఇన్‌స్పెక్టర్ కాగితం లాక్కున్నాడు. నిన్నట్నుంచీ అది ఆయన ఫైల్లోనే ఉంది. కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

“రోజూ హనుమయ్య ఏడింటికే బావి దగ్గరికొస్తాడని ఊరందరికీ తెలుసు. ఎనిమిదయ్యేసరికి గోల అయిపోయి ఉంటుందనుకున్నారు మేష్టారు,” అంది ప్రమీలారాణి. “అందరికన్నా ముందు ‘ప్రమాదం’ అనే మాట మద్రాసు చేరాలని తొందర. హనుమయ్య ఆ రోజు నెమలి మొక్కుకి పోయాడని తెలియదు. యాభై నిమిషాలు ముందే మీరు చావు కబురు చెప్పారు మేష్టారూ. లోకంలో అప్పటికి ఆ సంగతి తెలిసింది ఒక్కడికే.”

సీతారామారావు నవ్వు ముఖాన్నే ఉంది కానీ దాని వెనక మనిషి లేడు. “పోస్టాఫీసు గడియారం… ముద్ర తప్పు పడుంటుంది…” అని గొణిగాడు.

తలుపు గడియ పడ్డ చప్పుడైంది. వేసింది మధుసూదనరావు.

“మేష్టారూ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు చాలా తగ్గింది. “నేను మీ మాట విని ఈ ఫైలు మూయబోయాను. పెద్దమనిషని నమ్మి మూయబోయాను. విస్సన్నపేట శిష్యుడి పేరు చెప్పండి. ఇప్పుడే మనిషిని పంపిస్తాను.”

సీతారామారావు గొడుగు పిడి రెండు చేతులా పట్టుకున్నాడు.

“నేను బతిమాలాను,” అన్నాడు చివరికి. “బూరుగు దూది అమ్మేశాను, నిజమే. ఈసారికి వదిలెయ్యి నాయనా అన్నాను. వాడు వినలేదు. అన్నీ కోసి మళ్లీ కూరాలన్నాడు. అందరికీ చెబుతానన్నాడు. నలభై ఏళ్ల పేరు… చేతికి రాయి తగిలింది. అంతే.” ఆయన తలెత్తాడు. ఉన్నట్టుండి గొంతులో పాత బడిపంతులు దర్పం వచ్చింది. “అయినా ఆ చొక్కాలు ఎవరు తొడుక్కుంటారని? బెస్తవాళ్లు సముద్రంలో పుట్టి పెరిగినవాళ్లు. గోడకు తగిలించుకుంటారు. ఎవరికి నష్టం?”

గోడకు ఆనుకున్న హన్నమ్మ ముందుకొచ్చింది. గదిలో అంతమంది మగవాళ్లున్నారని గానీ, ఎదురుగా ఉన్నది ఊరు మొక్కే మేష్టారని గానీ ఆమె చూడలేదు.

“చిన్న సైజువి ఏవి?” అంది.

“ఏంటి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పిల్లల చొక్కాలు. నలభై కుట్టాం. ఇందాక లారీ చూశాను. అన్నీ పెద్దాళ్లవే. చిన్నవి ఏవి మేష్టారూ?”

జవాబు చంద్రశేఖరం చెప్పాడు. “గురువారం నా చిన్న వ్యానులో పంపించారు. కొత్తమొగకి. పరీక్ష చేశాను, బాగున్నాయి అని దొర సంతకంతో చీటీ కూడా పెట్టారు.”

“గురువారం నాటికి దొర చచ్చి రెండు రోజులు,” అంది ప్రమీలారాణి. సీతారామారావు కళ్లు మూసుకున్నాడు.

హన్నమ్మ చేత్తో బల్ల అంచు పట్టుకుంది. “ఇవాళ సాయంత్రమమ్మా. నాలుగున్నరకి. నిన్న మావాళ్లు కబురు చేశారు. దొర పేరు మీద, మిగతా తెల్లకుర్రాళ్లు నలభై మంది పిల్లల్ని పలకల మీద సముద్రంలోకి తీసుకెళ్తారంట. అలల అవతల దాకా. ఆ పిల్లలకి ఈత రాదు. ఉప్పెన తరవాత నీళ్లు తాకలేదు. చొక్కా ఉంది, మునగరు, భయం లేదు అని చెప్పి ఒప్పించారు.”

గోడ మీద గడియారం పదకొండూ నలభై ఐదు చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఫోను ఎత్తాడు. అవనిగడ్డ పోలీసులకు అర్జెంటు కాల్ అడిగాడు. అటు నుంచి ఆపరేటర్ చెప్పింది విని, ఫోను మెల్లిగా పెట్టేశాడు. “పొద్దుటి గాలికి అవనిగడ్డ లైను పోయిందట. ఎప్పుడొస్తుందో తెలియదు. కొత్తమొగకి ఉప్పెన తరవాత స్తంభాలే నిలబెట్టలేదు.”

“ఒక మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టండి. పావుగంటకోసారి అడుగుతూనే ఉండమనండి,” ప్రమీలారాణి అప్పటికే చేతిసంచి భుజానికి తగిలించుకుంది. “మనం జీపులో పోదాం.”

“నూట అరవై కిలోమీటర్లు! ఆఖరి పాతిక రోడ్డే కాదు, ఇసక. పైగా నా సర్కిల్ హద్దు దాటి జీపు పోవాలంటే పై వాళ్ల పర్మిషన్ కావాలి.”

“పర్మిషన్ వచ్చేసరికి పిల్లలు నీళ్లలో ఉంటారు. మీ హద్దు దాకా మీరు తోలండి. దాటాక నేను తోలతాను. జీపు దొంగిలించానని నా మీద కేసు పెట్టుకోండి. ఈసారి కోర్టులో నేను కాదనను.”

మధుసూదనరావు ఆమెను చూశాడు. రెండేళ్లలో మొదటిసారి ఆయన ముఖంలో వేపాకు చేదు లేదు.

“మీకు జీపు తోలడం వచ్చా?”

“రాకపోతే దారిలో నేర్చుకుంటాను.”

ఆయన కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “మేష్టారికి బేడీలు వెయ్యి. చెయ్యి వదిలావో, నీ ఉద్యోగం ఉండదు.” తరవాత టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. “పై వాళ్లకి నేను జవాబు చెప్పుకుంటాను. ఎక్కండి.”

ఆవరణలో హన్నమ్మ తప్ప కుట్టుపని ఆడవాళ్లు మిగతా పదకొండు మందీ లారీ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో, సంగతి అప్పుడే వాళ్లకు చేరింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఒక్కరూ కదలలేదు. చంద్రశేఖరం గుమ్మంలోంచి అరిచాడు: “హారన్ ఆపరా! ఆ లారీ ఇవాళే కాదు, ఇంకెప్పుడూ కదలదు!”

జీపు గర్రున లేచింది. హన్నమ్మ వెనక సీట్లో ఎక్కి, ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

“హన్నమ్మా, ధైర్యంగా ఉండు,” అంది ప్రమీలారాణి వెనక్కి తిరిగి.

“నాకు ధైర్యం చాలా ఉందమ్మా. కొడుకులిద్దర్నీ ఆ సముద్రానికే ఇచ్చాను, నిలబడే ఉన్నాను.” ఆమె ముందుకు వంగింది. “మునగవే పిచ్చిదానా, ఇది మీ నాయనమ్మ కుట్టిన చొక్కా అని కబురంపి నా మనవరాలిని ఒప్పించింది నేనే. ఏడేళ్లది. మొదటి పలక మీద దాన్నే ఎక్కిస్తామన్నారు.”

ప్రమీలారాణి ముందుకు తిరిగి, ఇన్‌స్పెక్టర్ వైపు ఒక్క చూపు చూసింది. ఆయన యాక్సిలరేటర్‌ని పూర్తిగా నేలకి తొక్కాడు.

జీపు మిల్లు గేటు దాటేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ.